పసుపు మంచు

తెలుపు ఒక్కటి తప్ప అన్ని రంగులూ ఉన్నాయి ఈ గ్యారేజీ కప్పు మీద, నీలం ఉంది, ఊదా ఉంది, అంచు దగ్గర కాస్త గులాబీ కూడా ఉన్నట్టుంది, కాదు, అది పక్కింటి ఇటుక గోడ రంగు మంచు మీద పడటం, ఉండు, కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూస్తే, అదిగో, పోయింది, నీలమూ లేదు ఊదా లేదు, ఎవరో పలచటి టీ ఒలకబోసి తుడవకుండా వదిలేసినట్టు కప్పంతా ఒకటే పసుపు, మళ్ళీ ఎడమది మూసి కుడిది తెరిస్తే నీలం, పన్నెండు రోజులుగా ఇదే ఆట నాకు, కుడి కంట్లో శుక్లం తీసి కొత్త అద్దం పెట్టిన మర్నాడు కట్టు విప్పినప్పటి నుంచి, పళ్ళు తోముకుంటూ ఒక కన్ను, ఉల్లిపాయలు తరుగుతూ ఇంకో కన్ను, మొన్న బస్సులో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నేను తనకి కన్ను కొడుతున్నాననుకుని టోపీ కిందికి లాక్కుని మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు, అరవైకి దగ్గరపడ్డ మనిషికి ఇదేం బుద్ధి అనుకుని ఉంటాడు, సరే, ఆటకి ఇవాళే ఆఖరు, పదకొండింటికి ఎడమ కంటికి కూడా ఆపరేషన్, రేపు ఆ కట్టు విప్పాక ఈ పసుపు ఇక ఎక్కడా ఉండదు, ఏ కన్ను మూసినా ఉండదు, అందుకే ఏడున్నర నుంచి ఈ వెనక బాల్కనీలో అద్దాల తలుపులు బిగించుకుని నిలబడ్డాను, మెడకి మఫ్లరు, కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు, చేతిలో బ్రష్షు, ముందు కాన్వాసు, ఏం వెయ్యాలో తెలియడం లేదు.

మొదలుపెట్టినప్పుడు తెలుసు, కుడి కంటికి రుమాలు కట్టేసుకుని ఎడమ కంటికి ఏది కనబడితే అది వేద్దామనుకున్నాను, చివరిసారి కదా, ఆ బంగారు రంగుని కళ్ళారా, కళ్ళారా ఏమిటి ఒక కన్నారా, చూసుకుని దాచుకుందామని, ఆయన కాఫీ పట్టుకొచ్చి నా వాలకం చూసి ఓడల్ని దోచుకునేవాళ్ళు ఇలాగే ఉంటారు అని నవ్వుకుంటూ పోయారు, పై సగం వేసేశాను, ఆకాశం, లాండ్రీ పొగగొట్టం, దాంట్లోంచి లేచే ఆవిరి, ఒక్క ఆకు లేని మూడు చెట్లు, అన్నీ ఓకర్ పసుపులో తెలుపు కలిపి, చిన్న చిన్న దెబ్బలుగా, చెయ్యి తడబడకుండా, అంతలో రుమాలు జారింది, జారిందో నేనే జరుపుకున్నానో దేవుడికి తెలియాలి, కుడి కన్ను కాన్వాసుని చూసింది, నేను బంగారం అనుకుంటున్నది పొగచూరిన వంటింటి గోడలా ఉంది, ఇంకేముంది, రుమాలు తీసి అవతల పారేసి కింది సగం కుడి కంటితో మొదలుపెట్టాను, గ్యారేజీల కప్పులు, కంచె, నడవడానికి తొక్కిన దారి, అంతా కోబాల్ట్ నీలం, ఊదా, ఇప్పుడు కాన్వాసు మీద ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటున్నట్టుంది, పైన ఒకావిడ, కింద ఒకావిడ, మధ్యలో నేను బ్రష్షు పట్టుకుని పంచాయితీకి కూర్చున్నాను, కింద వాచ్‌మన్ పార పట్టుకుని బయల్దేరాడు, వద్దయ్యా, ఆ దారి పక్కన ఎవరూ తొక్కని మంచు నా బొమ్మలో ముందు భాగం, దాని జోలికి పోకు, వినబడదు కదా, మూడో అంతస్తు, అద్దాల తలుపులు, తోసేస్తున్నాడు, కుప్ప పోస్తున్నాడు, కుప్పకి ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ, నీడలో ఎంత నీలం, అబ్బ, వాడు పాడుచేసిందే బాగుందేమో, బ్రష్షు ముంచు, త్వరగా, ఎండ ఇంకో అరగంటలో చెట్ల మీదికి వచ్చేస్తుంది.

నలుపు ముట్టుకోవద్దు అనేవారు గడ్డం మాస్టారు, నీడలో కూడా రంగు వెతకండి, రంగుని రుద్దకండి, చుక్క పక్కన చుక్క పెట్టి వదిలెయ్యండి, కలుపుకోవడం చూసేవాళ్ళ కంటి పని, అన్నిటికన్నా ముఖ్యం, మీకు తెలిసింది వెయ్యకండి, కనబడింది వెయ్యండి, ఇంప్రెషనిస్టుల పద్ధతి అంటే ఇంతే, సాయంత్రం బొమ్మల క్లాసులో పధ్నాలుగు మందిమి, అందరికన్నా పెద్దదాన్ని నేనే, ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడగొట్టి రిటైరై వచ్చినదాన్ని, కవరు మీద పేరు చదవడం, గూట్లో పడెయ్యడం, చేతికి అదొక్కటే తెలుసు, బొమ్మల్లోనూ అదే చేశాను, ఇప్పుడు తెలుస్తోంది, మంచుని చూసి ఇది ఓకర్ అని మనసులో పేరు పెట్టుకునేదాన్ని, ఓకర్ అని పేరున్న ట్యూబు తీసేదాన్ని, ఉత్తరం సరైన గూట్లో పడింది అని సంతోషపడేదాన్ని, ట్యూబులోంచి వచ్చింది మంచు మీద ఉన్న రంగేనా అని పక్కపక్కన పెట్టి చూడలేదు ఎప్పుడూ, మాస్టారు నా రెండో సంవత్సరం బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు, మంచుని ఇంత వెచ్చగా చూసినవాళ్ళు నాకు తెలిసి లేరండీ, ఇది మీ సంతకం, అన్నారు, ఇంటికి నడిచి రాలేదు ఆ రోజు, తేలుతూ వచ్చాను, అప్పటి నుంచి నా మంచు అంటే బంగారు మంచు, వచ్చే నెల టౌన్‌హాలు ప్రదర్శనకి ఆరు బొమ్మలు నావే తీసుకున్నారు, ఏడోది ఒకటి కొత్తది ఇవ్వండి, అదే రంగుల్లో, అన్నారు, అదే రంగుల్లో, ఎలా ఇవ్వను, రేపటి నుంచి ఆ రంగు నాకు కనబడదు, కనబడకపోయినా వెయ్యొచ్చు, చేతికి అలవాటే, కానీ అప్పుడది అబద్ధం, ఇన్నాళ్ళూ వేసింది నిజం అయితే కదా, శుక్లం వేయించిన నిజం, అసలు ఒక పని చేస్తే, క్లినిక్‌కి ఫోన్ చేసి జ్వరంగా ఉందంటే, ఇంకో ఆరు నెలలు వాయిదా వేస్తే, ఒక కన్ను బస్సు నంబర్లకి, ఒక కన్ను బొమ్మలకి, ఎవరికి నష్టం.

చుక్కలు వేసుకున్నావా, తొమ్మిదయింది, వంటింట్లోంచి ఆయన గొంతు, వేసుకుంటున్నా అని అబద్ధం చెప్పి, అబద్ధం చెప్పినందుకు సిగ్గేసి, తల వెనక్కి వాల్చి ఎడమ కంట్లో రెండు చుక్కలు వేసుకుంటే చల్లగా చెంప మీదికి కారింది, కన్ను మూసుకుని అలా నిలబడితే క్లినిక్ వరండా కనబడుతోంది, కుడి కంటి కట్టు విప్పిన రోజు, నర్సు అటు చూడండి ఇటు చూడండి అంది, ఆవిడ కోటు చూసి కళ్ళు చిట్లించాను, అంత తెలుపు లోకంలో ఉందని మర్చిపోయాను, ఆయన మీగడ రంగు చొక్కా అసలు తెల్ల చొక్కా అని అప్పుడే తెలిసింది, ఇంటికెళ్ళాక నా మొహం మీద ఇన్ని గీతలున్నాయని, స్టవ్వు వెనక గోడ ఇంత జిడ్డుగా ఉందని తెలియడం వేరే సంగతి, వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు, ఎదురుగా గోడకి ఏదో బొమ్మ, మరకలు పట్టిన పాత బొమ్మ, ఎండకో వానకో పాడైపోయినట్టుంది, కంటి ఆసుపత్రిలో ఇలాంటిది పెట్టడం ఏమిటి, మంచిది ఒకటి ఇద్దాం వీళ్ళకి అనుకున్నాను, నిజంగా అనుకున్నాను, తర్వాత మూల మీద సంతకం కనబడింది, నా పేరు, నా పొడి అక్షరాలు, రెండేళ్ళ కింద గ్రంథాలయం హాల్లో పెట్టినప్పుడు ఈ డాక్టరే కొనుక్కుని తీసుకెళ్ళారు, కన్న పిల్లని గుర్తుపట్టని తల్లిలా కూర్చుండిపోయాను, డాక్టరు బయటికి వచ్చి నా చూపు ఎటు ఉందో చూశారు, నవ్వారు, మంచి మనిషి, ఆ బొమ్మ కొన్న రోజే నాకు అనుమానం వచ్చిందండీ, అన్నారు, కానీ పూలగుత్తి పట్టుకుని నిలబడ్డ ఆర్టిస్టు దగ్గరికెళ్ళి మీకు శుక్లం ఉన్నట్టుందండీ అని ఎలా అంటాను, బాగుండదు కదా, నేనూ నవ్వాను, బాగుండదు మరి, ఎనిమిదో నంబరు బస్సు అనుకుని మూడో నంబరు ఎక్కి ఊరి చివరిదాకా వెళ్ళింది రెండు సార్లు, అప్పుడు కదా నా అంతట నేను డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఈ లోపల రెండు చలికాలాలు గడిచాయి, ఎన్ని బొమ్మలు, బాగుండదు కదా.

ఒకత్తి అంది, బాగుంటుందా బాగుండదా అని చూసుకోకుండా, వద్దు, ఇప్పుడు అది వద్దు, కంచె నీడలు వెయ్యాలి, నిలువుగా పన్నెండు గీతలు, ఒక్కొక్కటి ఒక్కో నీలం, మా చెల్లెలు అయితే చూడగానే చెప్పేస్తుంది ఏది ఎంత అని, వద్దంటున్నా అదే వస్తోంది, బుల్లి, యాభై రెండేళ్ళొచ్చినా మాకు బుల్లే, ఇరవై రెండేళ్ళుగా పెయింట్ల షాపులో రంగులు కలిపే పని, ఎవరో గోడ పెచ్చు ఒకటి కాగితంలో చుట్టుకొస్తారు, దీనికి సరిపోయే రంగు కావాలంటారు, ఇది వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కసారి చూసి తెల్ల డబ్బాలో ఇన్ని చుక్కలు పసుపు, ఒక చుక్క నలుపు అని వేసేస్తుంది, ఆరాక తేడా ఉండదు, మూడు చలికాలాల కింద ఒక ఆదివారం, మాస్టారూ క్లాసువాళ్ళు నలుగురూ నా బొమ్మలు చూడ్డానికి ఇంటికి వచ్చారు, నేను ముందు గదిలో వరసగా నిలబెట్టాను, ఆయన కుర్చీలు సర్దుతున్నారు, బుల్లి డ్యూటీ దిగి సంచీ నిండా నారింజపళ్ళు పట్టుకుని వచ్చింది, బూట్లు కూడా విప్పలేదు, గుమ్మంలోంచే చూసింది, అలా చూస్తూ నిలబడిపోయింది, తర్వాత అంది, అక్కా, ఇందులో ఓకర్ చాలా ఎక్కువైంది, మంచు ఇలా ఉండదు, నువ్వొకసారి కళ్ళు చూపించుకో, నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి, గోడలకి రంగులు కలుపుకునేదానివి, గోడల సంగతి చూసుకో, బొమ్మల సంగతి నీకెందుకు, అన్నాను, నా గొంతేనా అది, అంత సన్నగా, అంత చల్లగా, ఇంకా అన్నాను, నాకూ ఒక మంచి జరిగితే ఓర్చుకోలేవు కదా నువ్వు, అది కూడా అన్నాను, ఎందుకన్నాను, అది ఎప్పుడు ఓర్చుకోలేదు, చిన్నప్పుడు నా పాత గౌన్లన్నీ వేసుకుంది, నా పాత పుస్తకాలు చదువుకుంది, ఏం అనలేదు ఎప్పుడూ, పళ్ళ సంచీ చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళిపోయింది, తలుపు కూడా మెల్లగానే వేసింది, మాస్టారు గొంతు సవరించుకుని ఈ ఆవిరి ఎంత బాగా వచ్చిందో చూడండి అన్నారు, అందరూ ఆవిరిని చూశారు, మూడేళ్ళు.

ధబ్ మని చప్పుడు, ఏమిటి, అయ్యో, గ్యారేజీ కప్పు మీది మంచు జారిపోయింది, సగం కప్పు ఖాళీ, తుప్పు పట్టిన రేకు బయటపడింది, కింద వాచ్‌మన్ ఎగిరి పక్కకి దూకి పైకి చూసి నన్నే తిడుతున్నట్టు చెయ్యి ఊపుతున్నాడు, నేనేం చేశానయ్యా, నా బొమ్మ పోయింది ఇక్కడ, ఎండ చెట్ల మీదికి వచ్చేసింది, నీడలన్నీ పక్కకి జరిగాయి, కాన్వాసు మీద ఉన్నది ఇక కింద లేదు, పసుపు సగమూ లేదు నీలం సగమూ లేదు, నేను ఎవరి బొమ్మ వేస్తున్నాను, బ్రష్షు టర్పెంటైన్ గ్లాసులో పడేసి వంటింట్లోకి వెళ్ళాను, చేతికి రంగు అలాగే ఉంది, ఆయన క్లినిక్ కాగితాలు ఒక కవర్లో సర్దుతున్నారు, పాతికేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఎక్కడికి బయల్దేరినా గంట ముందే అన్నీ చేతిలో ఉండాలి, ఒక మాట అడుగుతాను నిజం చెప్పండి అన్నాను, నా మొహం చూసి కవరు కింద పెట్టారు, నా బొమ్మల్లో మంచు పసుపుగా ఉందని మీకు కనబడేదా, స్టవ్వు వైపు చూశారు, అది ఆర్పే ఉంది, కనబడేది, అన్నారు, మరి చెప్పలేదేం, నేను బస్సు తోలేవాణ్ణి, బొమ్మల సంగతి నాకేం తెలుసు, అలా వెయ్యాలేమో అనుకున్నాను, అంతేనా అన్నాను, అంతే కాదు, అన్నారు, బుల్లికి జరిగింది చూశాక నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

నాకెందుకొచ్చిన గొడవ, కోపం రావాలి, రాలేదు, ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసి, నేను ఉప్పు ఎక్కువ వేసినా బాగుందని తినే మనిషి, ఆ మంచితనం మీద ఎలా కోప్పడను, కానీ కాళ్ళు నిలవడం లేదు, ముందు గదిలోకి నడిచాను, మళ్ళీ వంటింట్లోకి, మళ్ళీ ముందు గదిలోకి, మాస్టారు కూడానా, ఉండు, ఒకసారి క్లాసులో నా రంగుల పెట్టెలోంచి ఓకర్ ట్యూబు తీసి పట్టుకున్నారు, అడుగుదాకా నొక్కి నొక్కి చుట్టేసిన ట్యూబు, ఆ నెల్లో అది మూడోది, ట్యూబు వైపు చూశారు, నా వైపు చూశారు, ఏదో అనబోయారు, పెట్టెలో పెట్టేసి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు, ఆయనకీ తెలుసు, కళ్ళు చూపించుకోండి అంటే బంగారు మంచు పోతుంది, సంతకం పోతుంది, క్లాసుకి మంచి పేరు తెచ్చిన బొమ్మలు పోతాయి, లేకపోతే పెద్దావిడ సంతోషంగా ఉంది పోనీలే అనుకున్నారేమో, అది ఇంకా కష్టంగా ఉంది తలుచుకుంటే, అందరూ నన్ను అరచేతుల్లో పెట్టి మోశారు, ఒక్కరూ కింద దించి ఇటు చూడు అనలేదు, ఫోన్ తీశాను, క్లినిక్‌కి కాదు, వేళ్ళు ఆ నంబరు మర్చిపోలేదు, మూడేళ్ళైనా, షాపు నంబరు, నాలుగుసార్లు మోగింది, అయిదోసారి ఎత్తారు, వెనక డబ్బాల్ని గిలకొట్టే మిషన్ గడగడలాడుతోంది, హలో పెయింట్స్ అంది బుల్లి, షాపు గొంతుతో, నేనే, అన్నాను, మిషన్ ఆగింది, అదే ఆపినట్టుంది.

చెప్పక్కా, అంది, మూడేళ్ళు మధ్యలో లేనట్టు, పొద్దున్నే మాట్లాడుకుని మళ్ళీ మాట్లాడుతున్నట్టు, పదకొండింటికి రెండో కన్ను అన్నాను, తెలుసు, బావ చెప్పాడు, మొదటిది కూడా చెప్పాడు, అంది, నువ్వు చెప్తావేమోనని పన్నెండు రోజుల నుంచీ చూస్తున్నాను, ఏదో ఒకటి అనాలి, నోటికి వచ్చింది అనేశాను, మంచు నీలంగా ఉంది బుల్లీ, ఊఁ, అంది, ఎంత నీలం, ఎంత ఏమిటే, అన్నాను, అదే, తెల్ల డబ్బాకి రెండు చుక్కలా మూడు చుక్కలా, ఫోన్ తీగ సాగినంత దూరం లాక్కుని బాల్కనీ తలుపు దాకా వెళ్ళి కింద వాచ్‌మన్ పోసిన కుప్పని చూశాను, రెండు, అన్నాను, నీడలో మూడు, నీడలో ఊదా కూడా ఒక చుక్క ఉండాలి, అంది, ఉంది, అన్నాను, ఉంది బుల్లీ, తప్పు నాది, అన్నాను, అది వినిపించుకోనట్టే, ఆ రోజు నేను అందరి ముందూ అనకుండా ఉండాల్సింది, అంది, లోపలికి పిలిచి చెప్పాల్సింది, కానీ నీ బొమ్మ చూడగానే నాకు అమ్మ దుప్పట్లు కనబడ్డాయి, భయం వేసింది, నోరు ఆగలేదు.

అమ్మ దుప్పట్లు, ఏ దుప్పట్లు అని అడగబోయి ఆగిపోయాను, తెలుసు నాకు, తెలిసీ నవ్వుకుని వదిలేసినవి, నాకు పెళ్ళై వేరే ఊళ్ళో ఉన్నప్పుడు, బుల్లికి పదహారేళ్ళు, అమ్మ తెల్ల దుప్పట్లు ఉతికించి ఆరేయించి మడతపెట్టించి, మళ్ళీ విప్పి చూసి, మురికి వదల్లేదు, పసుపుపచ్చగా ఉన్నాయి, సరిగ్గా ఉతకలేదు నువ్వు అని దాన్ని తిట్టేదట, అది మళ్ళీ ఉతికేది, చలికాలం, వేళ్ళ సందులు పగిలేవి, మూడోసారి కూడా పచ్చగానే ఉన్నాయనేది అమ్మ, అది ఏడుస్తూ నాకు ఉత్తరం రాసింది, అక్కా, దుప్పట్లు తెల్లగానే ఉన్నాయి, అమ్మకి ఏదో అయింది, నేను ఆ ఉత్తరం ఆయనకి చదివి వినిపించి, మా చెల్లెలికి పని ఎగ్గొట్టడానికి ఎన్ని తెలివితేటలో చూడండి అని నవ్వాను, అమ్మ ఎవరి మాటా వినలేదు, కళ్ళు చూపించుకోలేదు, నాకేం, భేషుగ్గా ఉన్నాను అంటూనే ఉంది, తర్వాత్తర్వాత గోడ పట్టుకుని నడిచింది, ఒక రోజు మెట్ల మీద లేని మెట్టు ఉందనుకుని అడుగు వేసింది, తుంటి విరిగింది, ఆ తర్వాత మంచం దిగిందే లేదు, నాలుగేళ్ళు, అన్నం కలిపి చేతికి అందించింది బుల్లి, చీకట్లో ఉన్నవాళ్ళకి పొద్దు గడపడం ఎంత కష్టమో చూసింది బుల్లి, నేను పండగలకీ సెలవలకీ వచ్చి వెళ్ళాను, ఆ గుమ్మంలో నారింజపళ్ళ సంచీ పట్టుకుని నిలబడ్డప్పుడు దాని కంటికి కనబడింది ఇదంతానా, నా ఓకర్ పసుపులో, నేను అసూయ అన్నది ఇదా.

అక్కా ఉన్నావా, అంటోంది, ఉన్నాను, మళ్ళీ ఎప్పుడైనా నేను తప్పుగా వేస్తుంటే చెప్తావా, అన్నాను, అది ఆలోచించింది, అబద్ధమాడే అలవాటు లేదు దానికి, చెప్తాను, అంది, ఈసారి బూట్లు విప్పి లోపలికి వచ్చి చెప్తాను, నేను నవ్వాను, ఎవరో కస్టమర్ పిలుస్తున్నట్టున్నారు, వస్తున్నానండీ అంది అటు తిరిగి, నాతో, రేపు కట్టు విప్పేటప్పుడు నేను వస్తాను, షాపులో సెలవు అడిగాను, అంది, అడిగిందట, అప్పుడే, నేను ఫోన్ చెయ్యకముందే, చేస్తానో లేదో తెలియకుండానే, ఫోన్ పెట్టేసి చేతికి ఉన్న నీలం తుడుచుకున్నాను, కాన్వాసుని గోడ వైపు తిప్పలేదు, అలాగే ఉండనిచ్చాను, ఆ ఆరు బొమ్మలూ టౌన్‌హాల్లో అలాగే వేలాడతాయి, అప్పుడు నాకు కనబడింది అదే, అబద్ధం ఏమీ వెయ్యలేదు, ఏడోది ఇవ్వలేనని మాస్టారికి రేపు చెప్తాను, మా ఆయన నా కోటు పట్టుకుని నిలబడ్డారు, చేతులు దూర్చుకున్నాను, మెట్లు దిగుతున్నాం, ఆయన ఒక మెట్టు ముందు, జాగ్రత్త అంటూ, పన్నెండు రోజుల్లో మొదటిసారి నేను ఏ కన్నూ మూసుకోలేదు, రెండూ తెరుచుకుని దిగుతున్నాను, ఆ ఆదివారం ముందు గదిలో ఎంతమందిమి ఉన్నామో లెక్క పెడుతున్నాను, మాస్టారు, క్లాసువాళ్ళు నలుగురు, ఈయన, తర్వాత హాల్లో డాక్టరు, పూలగుత్తి ఇచ్చిన వాళ్ళు, మెచ్చుకున్న వాళ్ళు, అందరూ మంచివాళ్ళే, అందరూ నా బొమ్మని చూశారు, ఎంతసేపో చూశారు, గుమ్మంలో బూట్లతో నిలబడి ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోయిన బుల్లి ఒక్కతే నన్ను చూసింది.